రేడియేటర్ గొట్టాలను ప్లాస్టర్‌బోర్డు గోడ వెనక దాచే పద్ధతి

బ్రిటన్‌లో ఇల్లు కొనుక్కున్న తెలుగువారిలో చాలామందికి కంటికి నచ్చని వాటిలో ఒకటి, రేడియేటర్ల కింద స్కర్టింగ్ వెంబడి పైకి కనిపిస్తూ పోయే రాగి గొట్టాలు. అవి సోఫాను గోడకు ఆనించనివ్వవు, వెనకాల దుమ్ము పట్టిస్తాయి, పాకే పిల్లల చేతులకు వేడిగా తగులుతాయి. గదిని బాగు చేయించుకునేటప్పుడు వాటిని గోడలోకి పంపించెయ్యాలని అనిపించడం సహజం, అది చెయ్యదగ్గ పనే. అయితే గొట్టాన్ని దాచడం వేరు, గొట్టాల అతుకులను దాచడం వేరు. గోడ వెనక గొట్టం ఎంత దూరమైనా పోవచ్చు కానీ, అక్కడ అతుకు ఉండాలంటే దానికి తప్పనిసరి కారణం ఉండాలి, అది పరీక్షకు నిలిచి ఉండాలి, అవసరమైతే దాన్ని చేరుకునే దారి కూడా ఉండాలి.

మన వైపు ఇటుక గోడకు గాడి కొట్టి, సీపీవీసీ గొట్టం పెట్టి, సిమెంటుతో పూడ్చెయ్యడం అలవాటైన పద్ధతి. ఇక్కడి హీటింగ్ గొట్టాలకు ఆ పద్ధతి పనికిరాదు. బాయిలర్ వెలిగినప్పుడల్లా గొట్టం వేడెక్కి సాగుతుంది, ఆరినప్పుడల్లా చల్లబడి ముడుచుకుంటుంది, చలికాలంలో రోజుకు ఎన్నోసార్లు ఇదే జరుగుతుంది. రాగి గొట్టం 5 మీటర్ల పొడవుంటే, 50 డిగ్రీల వేడి పెరిగేసరికి 4 మి.మీ. పైచిలుకు సాగుతుంది. ఆ కదలికకు చోటు లేకపోతే గోడలోంచి టిక్కుటిక్కుమని చప్పుడు వస్తుంది, దాని ఒత్తిడంతా అతుకుల మీదే పడుతుంది. పైగా ఇటుక గోడలో లీకైతే తడి మచ్చ త్వరగానే పైకి తేలుతుంది. బోలు గోడలో అలా కాదు, నీరు లోలోపలే కిందికి జారి నేల చెక్కలను నానబెడుతుంది, కింది గది కప్పు మీద మచ్చ కనిపించే నాటికి జిప్సం బోర్డు అడుగంతా మెత్తబడి ఉంటుంది.

మొదలుపెట్టే ముందు

మీరు అద్దె ఇంట్లో ఉంటే ఇంటి యజమాని అనుమతి కావాలి. ఫ్లాటు లీజ్‌హోల్డ్ అయితే, గోడలు, నేల విప్పే పనికి ఫ్రీహోల్డర్ అనుమతి (అంటే స్థలం, భవనం అసలు సొంతదారు అనుమతి) అవసరమేమో లీజు పత్రంలో చూసుకోవాలి. గ్యాస్ బాయిలర్ జోలికి, దాని గ్యాస్ గొట్టం జోలికి మీరు వెళ్లకూడదు, అది గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో, అంటే గ్యాస్ పనికి అర్హత ఉన్నవారి అధికారిక జాబితాలో, పేరున్నవారు మాత్రమే చెయ్యవలసిన పని. రేడియేటర్లకు వెళ్లే నీటి గొట్టాలకు ఆ ఆంక్ష లేదు కనుక, చేతిపని బాగా వచ్చినవారు సొంతంగా చేసుకోవచ్చు. ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ నారను బ్రిటన్ పూర్తిగా నిషేధించింది 1999లో. అందువల్ల అంతకు ముందు కట్టిన ఇంట్లో పాత గోడ పలకలు, గీతలు గీతలుగా ఉండే ఆర్టెక్స్ పూతలు కొయ్యాల్సి వస్తే, ముందుగా చిన్న ముక్కను ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయించండి. దీనికయ్యే ఖర్చు చూసి వెనకాడవద్దు.

తరువాత మీ గోడ ఏ రకమో తేల్చుకోవాలి. వేలి కణుపుతో తడితే బోలుగా మోగి, 400 లేదా 600 మి.మీ. దూరానికి ఒకసారి గట్టిగా పలికితే అది నిలువు చెక్కల మీద బోర్డు బిగించిన గోడ, అంటే స్టడ్ గోడ. ఈ పనికి అన్నిటికన్నా అనువైనది అదే. అక్కడక్కడ ముద్దగా, మిగతాచోట్ల కొద్దిగా బోలుగా మోగితే, కాంక్రీటు దిమ్మెల గోడ మీద జిగురు ముద్దలతో బోర్డు అతికించారన్నమాట. దీన్ని డాట్ అండ్ డాబ్ అంటారు. ఇందులో బోర్డు వెనక ఖాళీ చాలా తక్కువ కాబట్టి గొట్టానికి దారి దొరకడం కష్టం. తీగలు, పాత గొట్టాలు ఎక్కడున్నాయో డిటెక్టరుతో వెతికి గోడ మీదే గీత గీసుకోండి. సాకెట్‌కు, స్విచ్చికి నిట్టనిలువుగా, అడ్డంగా ఉండే దారుల్లోనూ, గోడ మూలల్లో, పైకప్పు అంచున 150 మి.మీ. వెడల్పు మేరా కరెంటు తీగలు పోయే అవకాశం ఉంటుంది. డిటెక్టరు ఏమీ చూపించకపోయినా ఆ దారుల్లో జాగ్రత్తగానే కొయ్యాలి.

దారి ఎలా వెయ్యాలి

నా అభిప్రాయంలో ఉత్తమమైన ఏర్పాటు ఇది: ప్రధాన గొట్టాలు నేల చెక్కల కిందే ఉండాలి, అక్కడి నుంచి ఒక్కో రేడియేటరుకు రెండేసి గొట్టాలు గోడ అడుగు చెక్కలోంచి పైకి లేచి, వాల్వు ఎత్తులో వంగి గదిలోకి రావాలి. ఆ వంపు ఎల్బో (మూల తిప్పే అతుకు) పెట్టి చేసింది కాకుండా, బెండరుతో గొట్టాన్నే వంచింది కావాలి. అలా చేస్తే నేల కింది టీ (ప్రధాన గొట్టం నుంచి కొమ్మను విడదీసే మూడు నోళ్ల అతుకు) దగ్గర నుంచి గదిలోని వాల్వు దాకా ఒకే ముక్క వస్తుంది, గోడలో అతుకు అనేదే ఉండదు. నేల కింది టీ దగ్గర మాత్రం ఒక పలకను మేకులు కొట్టకుండా మరలతో బిగించి, తీసి చూసే వీలు ఉంచుకోవాలి. 15 మి.మీ. రాగి గొట్టాన్ని బెండరు ఏ కొలతకు వంచుతుందో ముందు చెత్త ముక్క మీద వంచి చూసుకోండి. వంపు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియకుండా కొలతలు వేసుకుంటే, గొట్టం గోడలోంచి తప్పుడు చోట బయటికి వస్తుంది.

నేల దూలాలకు గాడి తీయడానికీ, రంధ్రం వెయ్యడానికీ కట్టడ నియమాల్లో స్పష్టమైన హద్దులున్నాయి. గాడి లోతు దూలం ఎత్తులో ఎనిమిదో వంతు మించకూడదు, అది ఆధారం నుంచి దూలం పొడవులో 7 నుంచి 25 శాతం మధ్యలోనే ఉండాలి. రంధ్రం వ్యాసం ఎత్తులో నాలుగో వంతు మించకూడదు, అది దూలం ఎత్తుకు సరిగ్గా నడిమధ్యన, ఆధారం నుంచి పొడవులో 25 నుంచి 40 శాతం మధ్యలో ఉండాలి. ఉదాహరణకు 200 మి.మీ. ఎత్తు, 4 మీటర్ల పొడవు ఉన్న దూలానికి గాడి 25 మి.మీ. లోతు వరకు, గోడ నుంచి 28 సెంటీమీటర్లకూ మీటరుకూ మధ్య తియ్యవచ్చు. రంధ్రం 50 మి.మీ. వరకు, మీటరుకూ 1.6 మీటర్లకూ మధ్య వెయ్యవచ్చు. పక్కపక్క రంధ్రాల మధ్య దూరం వాటి వ్యాసానికి కనీసం మూడు రెట్లు ఉండాలి. ఈ లెక్క మామూలు చెక్క దూలాలకే వర్తిస్తుంది. కొత్త ఇళ్లలో కనిపించే ఐ ఆకారపు దూలాలకు తయారీదారు ఇచ్చిన పట్టికే ప్రమాణం, వాటి పై అంచునూ కింది అంచునూ ఎప్పుడూ ముట్టుకోకూడదు.

గట్టి రాగి గొట్టం దూలాల రంధ్రాల్లోంచి దూరదు కాబట్టి గాడి తీయక తప్పదు. పాలీబ్యుటిలీన్ ప్లాస్టిక్ గొట్టం చుట్టలుగా వస్తుంది, తాడులా దూర్చుకుంటూ పోవచ్చు, గది ఆ చివర నుంచి ఈ చివరకు అతుకు లేకుండా వెళ్తుంది. హీటింగుకు కొనేటప్పుడు ఆక్సిజన్‌ను లోపలికి రానివ్వని బ్యారియర్ గొట్టమే కొనండి. మామూలు ప్లాస్టిక్ గొట్టంలోంచి గాలి నీటిలోకి చేరి రేడియేటర్ లోపల తుప్పు పట్టిస్తుంది. ప్లాస్టిక్‌తో రెండు చిక్కులున్నాయి. ఎలుకల బెడద ఉన్న ఇంట్లో అవి దాన్ని కొరకగలవు. రెండోది, గోడలోంచి బయటికి వచ్చే ప్లాస్టిక్ ముక్క ఊగుతూ వంకరగా కనిపిస్తుంది. దానికోసం గోడలో రాగి ముక్కను అతికించే బదులు, గొట్టాన్ని గోడ లోపలి అడ్డచెక్కకు గట్టిగా బిగించే, తయారుగా దొరికే పట్టీలు కొని వాడటం, బయటి భాగానికి క్రోమ్ తొడుగు వేయడం మంచిది.

కింది అంతస్తు నేల కాంక్రీటుదైతే పై అంతస్తు నేలలోంచి గొట్టాలను గోడ లోపల కిందికి దించవలసి వస్తుంది. అలా దించిన గొట్టాల్లో నీరు ఖాళీ చేయడానికి వేరే దారి ఉండదు. కాబట్టి ఆ రేడియేటరుకు నీరు వదిలే చిన్న కుళాయి ఉన్న లాక్‌షీల్డు వాల్వునే (రేడియేటర్ రెండో చివర మూత కింద ఉండే వాల్వు) ఎంచుకోండి.

అతుకుల్లో ఏది నమ్మదగింది

ఇత్తడి నట్టు బిగిస్తే లోపలి రింగు గొట్టాన్ని నొక్కి పట్టుకునే కంప్రెషన్ ఫిట్టింగ్ ప్లాస్టర్‌బోర్డు వెనక ఎప్పుడూ ఉండకూడదు. అది చెడ్డ అతుకని కాదు. వేడికీ చలికీ కదిలి కదిలి కాస్త వదులైనప్పుడు స్పానరుతో పావు మలుపు బిగించడానికి అనువుగా తయారైన అతుకు అది. స్పానరు చేరని చోట దాని గుణమే దోషమవుతుంది. రేడియేటర్ వాల్వుకు గొట్టం కలిసే చోట ఈ అతుకు ఉంటుంది, అది గదిలోనే ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు.

గోడలో అతుకు తప్పనిసరైతే టంకం వేసిన రాగి అతుకునే నేను సమర్థిస్తాను. గొట్టం చివరనూ ఫిట్టింగ్ లోపలినీ మెరిసేదాకా రుద్ది, ఫ్లక్స్ (టంకం పట్టేలా చేసే లేపనం) పల్చగా పూసి, సమంగా వేడి చేసి, టంకం అంచు చుట్టూ వెండి గీతలా పూర్తిగా పాకేవరకు చూడాలి. వెనక వైపు కనిపించదు కనుక చిన్న అద్దం పెట్టి చూడండి, చాలా లీకులు అక్కడే మొదలవుతాయి. చల్లారాక తడి గుడ్డతో ఫ్లక్స్‌ను తుడిచెయ్యాలి, మిగిలిపోయిన ఫ్లక్స్ రాగిని తింటూ పచ్చటి చిలుము పట్టిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, టంకం పనిని వీలైనంతవరకు గోడ బయట బల్ల మీదే ముగించి, తయారైన భాగాన్ని గోడలో అమర్చడం. గోడలోనే మంట వాడక తప్పకపోతే వెనక మంట ఆపే గుడ్డ పెట్టి, పక్కన నీళ్లు ఉంచుకుని, పని అయ్యాక కనీసం గంటసేపు అక్కడే ఉండండి. నిలువు చెక్కల మధ్య పొడి రంపపు పొట్టులో అంటుకున్న నిప్పు వెంటనే కనిపించదు.

తోస్తే పట్టుకునే పుష్‌ఫిట్ ఫిట్టింగులు పని వేగంగా సాగనిస్తాయి. కానీ గొట్టాన్ని ఏటవాలుగా కోసినా, అంచున గరుకు మిగిలినా, ప్లాస్టిక్ గొట్టం లోపల పెట్టవలసిన గట్టి తొడుగు మరిచిపోయినా, లోతు గుర్తు దాకా తొయ్యకపోయినా అది మొదటి రోజు నిలిచి తరువాత వదిలేస్తుంది. యంత్రంతో నొక్కే ప్రెస్ ఫిట్టింగులు అంతకన్నా గట్టివే, అయితే రెండింటిలోనూ నీటిని ఆపేది రబ్బరు రింగే. అందుకే వీటిని గోడలో పెడితే తెరిచి చూసే చిన్న తలుపు కూడా పెట్టాలన్నదే నా మాట. ఇంగ్లండ్, వేల్స్‌లలో మంచినీటి గొట్టాల అతుకులు చేరుకోలేని చోట ఉండకూడదని 1999 నాటి వాటర్ ఫిట్టింగ్స్ నియమాలు చెబుతున్నాయి. హీటింగ్ గొట్టాలకూ అదే వివేకాన్ని పాటిస్తే నష్టమేమీ లేదు.

చెక్కలకు రంధ్రాలు, దిమ్మెలకు గాడులు

ఇళ్లలోని మామూలు అడ్డుగోడల నిలువు చెక్క కొలత 38 మి.మీ. మందం, 63 మి.మీ. లోతు. 15 మి.మీ. గొట్టం కదలడానికి 22 మి.మీ. రంధ్రం కావాలి. దాన్ని సరిగ్గా మధ్యలో వేసినా అటూ ఇటూ మిగిలేది 20 మి.మీ. కాస్త పైన మాత్రమే. 12.5 మి.మీ. బోర్డును 32 మి.మీ. మరతో బిగిస్తే మర చెక్కలోకి 19.5 మి.మీ. దిగుతుంది, అంటే రంధ్రం అంచు దాకా వచ్చేసినట్టే. 38 మి.మీ. మర వాడితే అది నేరుగా రంధ్రంలోకి దిగుతుంది. అందుకే రంధ్రమున్న ప్రతి చెక్క ముఖానికీ ఉక్కు రక్షణ పలక కొట్టాలి, లేకపోతే బోర్డు బిగించే రోజునో, పదేళ్ల తరువాత ఎవరో పటం తగిలించే రోజునో గొట్టానికి చిల్లు పడుతుంది. రంధ్రం చెక్క లోతులో నాలుగో వంతు మించకూడదన్న లెక్కన 63 మి.మీ. చెక్కకు 22 మి.మీ. రంధ్రం ఎక్కువే, 89 మి.మీ. చెక్కకు సరిపోతుంది. కాబట్టి పై బరువు మోసే గోడ చెక్క సన్నదైతే అడ్డంగా గొట్టం లాగవద్దు. ఒకే రెండు చెక్కల మధ్య ఖాళీలో నిలువుగా లేపండి. రంధ్రంలో గొట్టం చెక్కకు తగలకుండా ఫెల్టు ముక్క చుడితే చప్పుడు రాదు.

దిమ్మెల గోడకు గాడి కొట్టవలసి వస్తే, నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు, అడ్డగాడి ఆరో వంతు మించకూడదు. 100 మి.మీ. దిమ్మెకు అది వరుసగా 33, 16 మి.మీ. అవుతుంది. అడ్డగాడిలో 15 మి.మీ. గొట్టానికి తొడుగుతో సహా చోటే చాలదు కాబట్టి, అక్కడ నిలువు దారి ఒక్కటే సరైనది. రాగికి సిమెంటు గానీ సున్నం గానీ నేరుగా తగలకుండా ప్లాస్టిక్ పూత ఉన్న గొట్టం వాడాలి, లేదా టేపు చుట్టాలి. బయటి గోడలోనైతే గొట్టం ఎప్పుడూ ఇన్సులేషన్‌కు గది వైపే ఉండాలి, ఆవిరిని ఆపే పొర చిరిగితే దాన్ని టేపుతో తిరిగి మూసెయ్యాలి.

రేడియేటరుకు ఆధారం, గొట్టాలకు కొలత

బోర్డు మాత్రమే రేడియేటర్ బరువు మోయలేదు. రెండు పలకల రేడియేటర్ మీటరు వెడల్పుదైతే నీళ్లతో కలిపి 35 కిలోలు దాటవచ్చు. గోడ తెరిచి ఉన్నప్పుడే బ్రాకెట్లు వచ్చే ఎత్తులో నిలువు చెక్కల మధ్య దళసరి అడ్డచెక్కలు బిగించి, గొట్టాలను కూడా అదే విధంగా చిన్న అడ్డచెక్కకు క్లిప్పులతో పట్టించండి.

గొట్టాల మధ్య దూరానికి పట్టికల మీద ఆధారపడకండి. రేడియేటరుకు రెండు వాల్వులూ బిగించి, బ్రాకెట్ల మీద ఎత్తిపెట్టి, వాల్వు నోళ్ల మధ్య దూరాన్నీ, గోడ నుంచి వాటి దూరాన్నీ స్వయంగా కొలవండి. అందులో ఇంకా రాని బోర్డు మందం 12.5 మి.మీ., దాని మీద పూత 2, 3 మి.మీ., టైల్స్ వస్తే వాటి మందం కూడా కలపడం మరువవద్దు. గొట్టం గోడలోంచి నేరుగా వాల్వులోకి వెళ్లాలంటే కార్నర్ వాల్వు కొనాలి. మామూలు యాంగిల్ వాల్వు కింది నుంచి వచ్చే గొట్టానికి ఉద్దేశించినది, దాన్నే వాడితే గోడ బయట మళ్లీ పైకి ఒక వంపు కావాలి.

పరీక్ష

గొట్టాలను గోడ నుంచి 100 నుంచి 150 మి.మీ. బయటికి ఉండేలా వదిలి, చివర్లకు రాగి మూతలు టంకం వెయ్యండి. పుష్‌ఫిట్ మూతలు లావుగా ఉంటాయి, బోర్డు రంధ్రంలోంచి దూరవు. కొత్త భాగాన్ని బాయిలర్ నుంచి వేరు చేసి, అద్దెకు దొరికే చేతిపంపుతో నీటి ఒత్తిడి పెట్టండి. పనిచేసే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు పెట్టడం వాడుకలో ఉన్న పద్ధతి, ప్లాస్టిక్ గొట్టాలకు తయారీదారు చెప్పిన క్రమాన్ని పాటించాలి. వేరు చెయ్యకుండా పంపు కొడితే బాయిలర్ రక్షణ వాల్వు 3 బార్ల (బార్ అంటే ఒత్తిడి కొలమానం) దగ్గర తెరుచుకుంటుంది. రాత్రంతా అలా ఉంచి, ఉదయాన ప్రతి అతుకు అడుగునా పొడి టిష్యూ కాగితం ఆనించి చూడండి. కంటికి కనబడని చెమ్మ కూడా కాగితం మీద చుక్కగా తేలుతుంది.

ఇక్కడితో ఆపకుండా, గోడ తెరిచి ఉండగానే మూతలు కోసి, రేడియేటర్‌ను తాత్కాలికంగా అడ్డచెక్కలకు తగిలించి, హీటింగును ఒక రోజు వెలిగిస్తూ ఆర్పుతూ నడపమని గట్టిగా చెబుతాను. చల్లని ఒత్తిడికి నిలిచిన అతుకు కూడా కొన్నిసార్లు వేడెక్కి చల్లబడేటప్పుడే కారుతుంది, చెక్కకు తగిలే గొట్టం చప్పుడూ అప్పుడే తెలుస్తుంది. తరువాత నీరు ఖాళీ చేసి, రేడియేటర్ దించి, చివర్లకు మళ్లీ మూతలు వెయ్యండి.

ఇప్పుడు కొలటేపు పక్కన కనిపించేలా గోడను ఫొటోలు తియ్యండి. నేల నుంచి ఎంత ఎత్తున, మూల నుంచి ఎంత దూరాన ఏ గొట్టం, ఏ అతుకు ఉందో ఒక కాగితం మీద గీసి ఇంటి పత్రాలతో ఉంచండి.

మూసెయ్యడం, నింపడం

గొట్టం చివర్లకు సుద్ద రాసి బోర్డును ఆనిస్తే రంధ్రాల చోటు దానంతట అదే పడుతుంది. రంధ్రం చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉండనివ్వండి, దాన్ని గట్టి పూతతో పూడ్చకండి, పైన వచ్చే చిన్న కాలర్ దాన్ని కప్పేస్తుంది. గ్యారేజీకీ ఇంటికీ మధ్య గోడ వంటి అగ్ని నిరోధక గోడలో మాత్రం ఆ ఖాళీలో మంట తగిలితే ఉబ్బి మూసుకునే సీలెంట్ నింపాలి. పూత ఆరి, రంగు కూడా వేశాకే రేడియేటర్ తగిలించండి. నీరు నింపేటప్పుడు తుప్పు నిరోధక ద్రవాన్ని సీసా మీద చెప్పిన మోతాదులో కలిపి, అన్ని రేడియేటర్ల గాలి తీసి, చల్లగా ఉన్నప్పుడు ఒత్తిడి 1 నుంచి 1.5 బార్ల మధ్య నిలిచేలా చూడండి.

మొదటి కొద్ది రోజులు మిగిలిన గాలి బయటికి పోతూ ఒత్తిడి మీటరు ముల్లు కాస్త తగ్గడం మామూలే. ఆ తరువాత కూడా తగ్గుతూనే ఉంటే గోడ కొట్టడానికి తొందరపడకండి. బాయిలర్ రక్షణ వాల్వు గొట్టం ఇంటి బయట కారుతోందేమో, రేడియేటర్ వాల్వుల నట్ల కింద చెమ్మ ఉందేమో ముందు చూడండి, విస్తరణ పాత్రను (వేడెక్కి పెరిగే నీటికి చోటిచ్చే తొట్టిని) ఇంజనీరు చేత తనిఖీ చేయించండి. అవన్నీ సరిగా ఉండి గోడ తెరవక తప్పకపోతే, తడి కనిపించిన చోట కొయ్యకుండా, నీరు ఎప్పుడూ పైనుంచి కిందికి జారుతుంది కాబట్టి, మీరు గీసిన కాగితంలో ఆ తడికి పైన అన్నిటికన్నా దగ్గరగా ఉన్న అతుకు దగ్గర తెరవండి.